పరదేశమున ఒక వత్సరము
(మన సంఘ వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



యువకుల విదేశయాత్రను గూర్చి ఈ సభలో మాటాడవలసినదని ఆహ్వానసంఘమువారు మమ్ము కోరినపుడు మేము మొదట వెనుదీసితిమి. ముప్పదియేండ్లకు పైగా పిల్లలకు శబ్దములును, సమాసములును, తెనుగు వాచకములును చెప్పి విశ్రాంతి గైకొన్నవారము. మాకు వీసాల సంగతి యేమి తెలియును? కాని యీ విషయమున మావలన ఒక తప్పిదము జరిగియున్నది. దానిని కడుపులో దాచుకొని కూర్చుండుటకంటె మీ యెదుట చెప్పుటయే మేలని తోచి యొప్పుకొంటిమి. అది యేమో ముందు మనవిచేసెదము.

మార్కాపురపు పలక మనకంటె ముందే సముద్రము దాటినది. మన నేలలోని రాయి పిల్లల చేతిపలకయై, పలకల వాడుక తగ్గిన పిమ్మట ఇండ్లగోడలకు తాపడపు బండయై, పరదేశముల కేగినది. ఆ పలకపై దిద్దిన మన పిల్లలు మాత్రము మార్కాపురము రోడ్డు స్టేషనులో బండియెక్కి గుంటూరో, నంద్యాలో చేరుటయే దూరప్రయాణమని చిరకాలము తలచిరి. నేడు గిద్దలూరున గాని, కంభమున గాని, తర్లుపాడున గాని ఒక పెండ్లికి పోయి కూర్చున్నచో పదిమందిలో నలుగురైనను మాటాడునది విదేశముల మాటయే. కారణము లందఱెఱిగినవే. వానలు నమ్మరానివి. బావినీటిలో ఫ్లోరైడు. వెలిగొండ పథకమునకు 1996లో శంకుస్థాపన జరిగినది. నాడు పుట్టిన బిడ్డలకు నేడు వీసా వయస్సు దాటుచున్నది. మన అంగళ్ల సంగతి వేఱుగ చెప్పనేల? ఫోనులో వ్రేలితో మీటిన వస్తువు గుమ్మములోనికి వచ్చుచుండగా, తండ్రి కూర్చున్న గద్దెపై కొడుకు కూర్చుండి యీగలు తోలవలసివచ్చుచున్నది. పిల్లవాడు బయలుదేరెదననుట తప్పని మేమనజాలము.

సముద్రయానము నిషిద్ధము గదాయని శంకించు వృద్ధులు మనలో ఇంకను కొందఱున్నారు. వారికి రెండే మాటలు. బోధాయన ధర్మసూత్రము సముద్రయానమును పతనహేతువులలో చేర్చినమాట నిజము. అది ఉత్తరదేశీయుల ఆచారములలో నొకటియని ఆ సూత్రమే మఱియొకచోట చెప్పినమాటయు నిజము. జరుగనిదానిని ఎవరును నిషేధింపరు గదా! కథాసరిత్సాగరమున సువర్ణద్వీపమునకు ఓడలెక్కి పోయినవారు వణిజులే. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములపై ఓడబొమ్మ కలదు. ఈ చర్చ నింతటితో విడిచెదము. పిల్లవాడు కంప్యూటరు ముందు కూర్చుండి దరఖాస్తు నింపుచుండగా మనము వెనుక నిలుచుండి కలివర్జ్యములు వల్లించుట పొసగదు.

వర్తకులమైన మనకు వలసిన ప్రమాణము మఱింత దగ్గఱలోనే యున్నది. చీరాలకు సమీపమున మోటుపల్లి రేవునందు కాకతీయ గణపతిదేవుడు క్రీ.శ. 1244లో వేయించిన శాసనమును అభయశాసనమందురు. పూర్వపు రాజులు తుపానునకు చిక్కి యొడ్డునకు కొట్టుకొనివచ్చిన యోడల సరకును లాగికొనుచుండిరి. గణపతిదేవుడు దానిని మాన్పి, నిర్ణీతమైన సుంకము తప్ప మఱేమియు గైకొనబోమని పరదేశవర్తకులకు రాతిపై వ్రాసియిచ్చెను. ఇందులో మేము గమనించిన విశేష మొక్కటి. సుంకమెంతయో పరదేశికి రేవుకాపరి చెవిలో చెప్పలేదు. అందఱును చదువుకొనునట్లు రాతిపై చెక్కించి నిలిపిరి.

అట్టి అభయము లేని ప్రయాణ మెట్లుండునో తెనుగువా రనుభవించియే యున్నారు. 1860 నవంబరు 16వ తేదీన మద్రాసునుండి పోయిన ట్రూరో యను ఓడ నెటాలు దేశమున డర్బను రేవు చేరినది. అందు తెనుగువారును కలరు. 1903 మొదలుకొని మద్రాసునుండి ఫిజీ దీవులకును మనవారిని గొనిపోయిరి. వ్రేలిముద్ర వేసిన కాగితమునకు ఎగ్రిమెంటని పేరు. అదియే కూలివాని నోట గిరిమిట్టయినది. అయిదేండ్లు ఒక్క తోటకు, ఒక్క దొరకు కట్టుబడవలెను. సెలవు లేక తోట విడిచిన నేరము, శిక్ష. బర్మాకు పోయినవారి కట్టు మఱియొక రకము. అచ్చట మేస్త్రీ యను మధ్యవర్తి ముందుగా బయానా యిచ్చి, ఆ యప్పు తీరువఱకు కూలిపై తన చేయి వేసియుంచెడివాడు. ఫిజీలో మిగిలిన గిరిమిట్లు 1920 జనవరి 1తో రద్దయినవి. 1942లో బర్మానుండి మనవారు అడవుల వెంట కాలినడకను తిరిగివచ్చిన కథను మా చిన్ననాట పెద్దలనోట వినియున్నాము.

ఇక నేటి విషయము. పనియు విహారమును కలిపిన వీసా యొకటి లోకమున కలదు. ఆస్ట్రేలియా దీనిని 1975లో బ్రిటను, కెనడా మొదలైన దేశముల యువకులకై యారంభించినది. యువకుడు ఆ దేశమునకు పోయి యొక యేడు తిరుగవచ్చును. తిరుగుటకు వలసిన సొమ్మును అచ్చటనే పనిచేసి సంపాదించుకొనవచ్చును. మన దేశమున కిది చాల ఆలస్యముగా లభించినది. 2022 ఏప్రిలు 2వ తేదీన భారతదేశమునకును ఆస్ట్రేలియాకును వాణిజ్యపుటొడంబడిక కుదిరినది. అది అదే సంవత్సరము డిసెంబరు 29 నుండి అమలులోనికి వచ్చినది. దానియందు మన యువకులకు ఏటికి 1000 స్థానములు నిర్ణయింపబడినవి. బ్రిటనుకూడ 2023 నుండి భారతీయ పట్టభద్రుల కిట్టి పథకమునే తెఱచినది. అచ్చట ఏటికి 3000 స్థానములు, ఉండదగిన కాలము రెండేండ్లు.

ఆస్ట్రేలియా వీసాకు 18 మొదలు 30 ఏండ్లవఱకు వయస్సుండవలెను. పాఠశాల విద్యకు పైన రెండేండ్ల చదువును, పనికి సరిపడు ఇంగ్లీషును ఉండవలెను. పోషింపవలసిన బిడ్డలను వెంట గొనిపోరాదు. మొదటి నెలలు గడచుటకు 5000 డాలర్లును, తిరుగుప్రయాణమునకు సొమ్మును చూపవలెను. అన్నిటికంటె ముఖ్యమైన నిబంధన మఱియొకటి కలదు: సామాన్యముగా ఒక్క యజమానియొద్ద ఆరు నెలలకు మించి పనిచేయరాదు. గిరిమిట్టును, దీనిని పక్కపక్కన పెట్టి చూడుడు. అచ్చట అయిదేండ్లు తోట విడిచిన శిక్ష. ఇచ్చట ఆరు నెలలు దాటి యొక్కచోట నిలిచినచో నియమభంగము. యజమాని నచ్చనిచో సంచి భుజమున వేసికొని మఱునాడే బయలుదేరవచ్చును. ఈ వీసా నిచ్చునది యజమాని కాదు. కావున దీనిని లాగికొనుటయు వాని చేతిలో లేదు.

స్థానములు స్వల్పము, కోరువారు విస్తారము. కావున చీట్లు వేసినట్లు కంప్యూటరు ద్వారమున ఎన్నిక జరుగును. మొదటి ఎన్నికకు 2024 అక్టోబరు 1 నుండి 31 వఱకు పేర్లు నమోదుచేసికొనిరి. రుసుము 25 డాలర్లు. పాసుపోర్టును, పాన్ కార్డును ఉన్న చాలును. మొదటి రెండు వారములలోనే నలుబది వేలమంది నమోదు చేసికొనిరని ఆ దేశపు మంత్రి ప్రకటించెను. వేయి స్థానములు, నలుబది వేలమంది. నలుబదింట ఒకటి. మన పద్దుల పుస్తకములలో ఇంతకంటె సులభమైన భాగహారముండదు. బ్రిటను చీటికి రుసుమే లేదు. పేరు వచ్చినవాడు మాత్రమే వీసా సొమ్మును, వైద్యపు సొమ్మును కట్టవలెను.

ఇప్పుడు మా తప్పిదమును చెప్పెదము.

గిద్దలూరు ప్రక్కనున్న గ్రామములో చిన్న కిరాణా అంగడి నడుపుకొను మన కులబాంధవు డొకడు 2024 శరత్కాలమున మా యింటికి వచ్చెను. అతని కుమారుడు పట్టభద్రుడు. రెండేండ్లుగా అంగడిలోనే యున్నాడు. ఒకానొక పట్టణమున విదేశయాత్రల కార్యాలయము పెట్టిన యువకుడొకడు నాలుగు లక్షలకు ఆస్ట్రేలియా 'సీటు' ఖాయము చేయుదుననియు, లక్షన్నర ముందుగా ఇమ్మనియు అడిగెనట. ఆ కార్యాలయపు యువకుడును పూర్వము మా శిష్యుడే. తండ్రి మాయొద్ద కూర్చుండి, "అయ్యవారూ! ఆ పిల్లోడు మీకాడ చదువుకున్నోడే గదా, నమ్మొచ్చునా?" అని యడిగెను. మేము, "వాడు మంచివాడు, రామశబ్దము తప్పులేక అప్పజెప్పెడివాడు" అంటిమి. ఆ మాటను పట్టుకొని అతడు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి లక్షన్నర చెల్లించెను. వీసా చీట్లతో రామశబ్దమునకు సంబంధమేమి? అడిగినదానికి మాకు తెలియదని చెప్పక, తెలిసినదానిని జవాబుగా చెప్పితిమి. పండితులకిది పాతవ్యాధి.

చీటి రాలేదు. ఫైలు ఖర్చులని మఱి అరువది వేలు అడిగిరి, అదియు నిచ్చినారు. కడకు సొమ్ము తిరిగి రాలేదు. ఆ కార్యాలయమునకు తాళము పడినది.

ఆ పిమ్మట మేము పిల్లల సహాయమున ఆ దేశ ప్రభుత్వము ప్రకటించిన నియమములను ఒక్కొక్క మాటయే చదివి, ఈ వ్యాపారమెట్లు జరుగునో గ్రహించితిమి. ఇందులో దొంగకాగితము సృష్టింప నక్కఱలేదు. ఆ యువకుడు పదుగురియొద్ద, ఇరువదిమందియొద్ద సొమ్ము పుచ్చుకొని అందఱి పేర్లను నిజముగానే నమోదుచేయును. ఒక్కొక్కనికి అతనికి తగులు ఖర్చు 25 డాలర్లు. డాలరును స్థూలముగా 60 రూపాయలనుకొన్నచో 1500. ఎవనికైన దైవవశమున చీటి వచ్చెనా, అది తన పలుకుబడియని చెప్పును. రాని వారితో ఈమాఱు కాలము బాగులేదు, వచ్చేయేటికి చూతమనును. ఎట్లయినను అతనికి నష్టములేదు. కంప్యూటరు తీయు చీటిని ఆస్ట్రేలియా మంత్రికూడ ఒకని పేర వ్రాయింపజాలడు. అమ్మజాలని సరకును అమ్మినాడు, మన మందఱమును వర్తకులమై యుండియు కొంటిమి.

మన పిల్లలకు దేశసంచారమును బోధించువారు తఱచుగా ఐతరేయ బ్రాహ్మణమునందలి రోహితుని కథను చెప్పుదురు. హరిశ్చంద్రుని కుమారుడైన రోహితు డరణ్యమునుండి యింటికి మరలునపుడెల్ల ఇంద్రుడు మానవరూపమున నెదురై, ఇంకను సంచరింపుమని ఒక్కొక్క యేడు చొప్పున పంపుచుండెను. ఉపన్యాసకులు అంతవఱకు చెప్పి కూర్చుందురు. కథ యచ్చట ముగియలేదు. ఆఱవయేట రోహితునికి అజీగర్తుడను బ్రాహ్మణుడు ఆకలితో అలమటించుచు కనబడెను. అతనికి మువ్వురు కుమారులు. పెద్దవానిని తండ్రి యీయడు, చిన్నవానిని తల్లి యీయదు. నడిమివాడైన శునశ్శేపుడు నూఱు గోవులకు అమ్ముడుపోయెను. అంతతో తీరలేదు. యూపమునకు వానిని కట్టుటకు ఎవ్వడును ముందునకు రాకున్నచో ఆ తండ్రియే మఱి నూఱు గోవులు పుచ్చుకొని కట్టెను. వధించుటకు మఱి నూఱు పుచ్చుకొని కత్తి నూఱుకొనుచు వచ్చెను. ముప్పదియేండ్లు ఈ కథను తరగతిలో చెప్పినవారము. మూడుమాఱులు సొమ్మెందుకు చెప్పబడినదో ఆ లక్షన్నర పిమ్మట అరువదివేలు వెళ్లిన నాటివఱకు మా బుద్ధికి తట్టలేదు. తేడా యొక్కటే. అచ్చట తండ్రి పుచ్చుకొనెను, ఇచ్చట తండ్రి చెల్లించెను. కట్టుబడినవాడు నడుమనున్న పిల్లవాడే. ఆ యప్పు తీరువఱకు ఆతడు అంగడి విడిచి కదలలేడు. ఓడయెక్కకయే గిరిమిట్టు పడినది.

ఇంత చెప్పి, పోవలదని మేము చెప్పుటలేదు. పొమ్మనియే చెప్పుచున్నాము. ఎవ్వరికిని కట్టుబడక పొమ్మనుచున్నాము.

కొందఱు పెద్దలు, మన పిల్లలు పరదేశమున పండ్లు కోయుటయా, హోటలులో పళ్లెములు కడుగుటయాయని చిన్నబుచ్చుకొనుచున్నారు. మన తాతలు మూటలు నెత్తిని పెట్టుకొని నల్లమల యడుగున నున్న పల్లెలకు సంతసంతకు కాలినడకను తిరిగినవారు గారా? గోనెసంచి యెత్తి దించినవారి మనుమడు పళ్లెము కడిగిన కులమునకు వచ్చిన లోపమేమి? ఆ దేశమున 2025 జూలై 1 నుండి కనీసపు కూలి గంటకు 24 డాలర్ల 95 సెంట్లు. అయినను మోసము లేదని భ్రమపడరాదు. తోటలలో బుట్టకింతయని కూలి కట్టి కనీసమునకు చాల తక్కువ యిచ్చు దురాచారముండెడిది. 2022 ఏప్రిలు 28 నుండి బుట్టలెక్కను పనిచేసినవానికిని గంటకు కనీసపు కూలి తప్పక ముట్టవలెనని అచ్చట నియమమేర్పడినది. తక్కువ యిచ్చినచో ఫెయిర్ వర్క్ అంబుడ్స్‌మన్ అను ప్రభుత్వాధికారికి చెప్పుకొనవచ్చును. పిల్లవాడు తాను పనిచేసిన గంటలను తన పుస్తకములో తానే వ్రాసికొనవలెను. పద్దు వ్రాయుట మన పిల్లలకు మనము నేర్పనక్కఱలేదనుకొందుము. కాని ఈ కాలపు పిల్లలను చూచినచో నేర్పవలెననియే తోచుచున్నది.

ఆహారమును గూర్చిన శంక మాకును ఉన్నది. రెండవ యేడు అచ్చట నుండగోరువాడు మూడు నెలలు, మూడవ యేడు గోరువాడు మఱి ఆరు నెలలు, వారు నిర్ణయించిన ప్రాంతములలో నిర్ణయించిన పనులు చేయవలెను. అందు పశువులకు సంబంధించిన పనులును కలవు. కాని పంటపొలముల పనులు, కట్టడపు పనులు, యాత్రికుల వసతిగృహముల పనులును కలవు. పని నెన్నుకొనువాడు మన పిల్లవాడే. ఇష్టములేనిచో మొదటి యేటితో తిరిగివచ్చును. దీనిని అచ్చటనే స్థిరపడుటకు దొడ్డిదారియని ఎవడైన చెప్పినచో వానికి దూరముగా నుండుడు. బ్రిటను వీసాను రెండేండ్లకు పైన పొడిగింపరు.

ఇందు ఆడపిల్లలకును మగపిల్లలకును భేదములేదు. మన సంఘమున పట్టభద్రులగు బాలికలెందఱో కలరు. వారిని గూర్చి ఈ సభలో ఎవరును ప్రశ్న వేయకపోవుట మాకు కొంచె మాశ్చర్యము గలిగించినది. ఇరువది మూడేండ్ల కొమార్తెను చదువునకని రెండేండ్లు అమెరికాకు పంపుచున్నాము. ఒక యేడు పనికి పంపుట కేల జంకవలెనో మాకు బోధపడలేదు. పెండ్లిచూపులలో పిల్ల యెచ్చటనున్నదని యడుగుదురను భయమొక్కటే కారణమైనచో, ఆ యడుగువారిలో సగము మంది ఈ సభలోనే యున్నారు.

చూపవలసిన 5000 డాలర్లను గూర్చి యొక మాట. అవి మన లెక్కలో మూడు లక్షలు. వారము దినములకు వడ్డీకి తెచ్చి బ్యాంకులో చూపి తిరిగి యిచ్చుట వాడుక యగుచున్నదని వినుచున్నాము. ఆ సొమ్ము అధికారిని సంతోషపెట్టుటకు కాదు. పిల్లవాడు దిగినపుడు గది అద్దెకును, పని దొరకువఱకు తిండికిని అది కావలెను. అది లేక దిగినవాడు మొదటి వారముననే దొరికిన యే యజమానికైనను తలయొగ్గును. విమానపు టిక్కెట్టు, వీసా సొమ్ము 650 డాలర్లకు పైన, ఇవి వేఱు. చీటి రాకమునుపు 25 డాలర్లు తప్ప దమ్మిడీ వ్యయము చేయనక్కఱలేదు. చీటి వచ్చిన పిమ్మట సొమ్ము చాలని పిల్లలకు మన సంఘ నిధినుండి వడ్డీలేని ఋణ మీయవలెనని మేము కార్యవర్గమును కోరుచున్నాము. సత్రముగోడకు క్రొత్త రంగు వచ్చేయేడు వేయించుకొనవచ్చును.

ఆస్ట్రేలియా, బ్రిటను ప్రభుత్వములు ప్రకటించిన నియమములను తెనుగున వ్రాసి, రెండు పెద్ద కాగితములపై అచ్చువేయించి తెచ్చితిమి. ఒకటి ఈ మంటపపు గుమ్మమునొద్ద అంటించినారు. రెండవది కంభపు కులబాంధవులు గొనిపోయెదమనినారు. రుసుములు ఏటేట మాఱును గనుక, ఆ యంకెలను పెన్సిలుతో వ్రాసియుంచితిమి.

మేము చెప్పిన ఆ పిల్లవానికి ఇప్పుడు ఇరువది తొమ్మిదవయేడు నడచుచున్నది. సొంతముగా పేరు నమోదు చేసికొనుటను నేర్చుకొన్నాడు. ఈ మధ్యాహ్నము భోజనములైన పిమ్మట మా ప్రక్కన కూర్చుండి, కోరినవారికి ఆ దరఖాస్తును ఫోనులో చూపుటకు ఒప్పుకొన్నాడు. మధ్యవర్తులకు సొమ్మిచ్చి మోసపోయినవారు ఈ సభలో మఱికొందఱున్నారని మా నమ్మకము. వారును వచ్చి చెప్పవచ్చును. పేరు వ్రాసికొనము, ఏ కార్యాలయమున కెంత యిచ్చిరో అంకె మాత్రము వ్రాసికొందుము.